అమెరికా మిడ్‌వెస్ట్‌లో పూటకో తీరుగా మారే చలి వారాన్ని ఎలా గట్టెక్కాలి

ఇండియానాపొలిస్, కొలంబస్, షికాగో శివార్లు, ఎక్కడున్నా సరే, జనవరిలో ఇలాంటి వారం ఒకటి తగలక మానదు. సోమవారం 45 డిగ్రీల ఫారెన్‌హీట్, పల్చటి స్వెటర్ వేసుకుని తిరగొచ్చు. మంగళవారం మధ్యాహ్నం వాన. చీకటి పడేసరికి ఆ వాన నీళ్లే రోడ్డు మీద గడ్డకడతాయి. బుధవారం పొద్దున్నుంచి స్నో. గురువారం తెల్లారేసరికి మైనస్ 8, పైగా ఈదురు గాలి. శుక్రవారం ఎండ ఫెళ్లున కాస్తుంది గానీ బయట అడుగుపెడితే ముక్కులో తడి కూడా బిగుసుకుంటుంది. ఆదివారానికి మళ్లీ 40, చూరుల నుంచి నీళ్లు ధార కట్టి కారుతుంటాయి.

కొత్తగా వచ్చినవాళ్లు గురువారానికి భయపడతారు. నన్నడిగితే భయపడాల్సింది మంగళవారం సాయంత్రానికి. మైనస్ 8 అని తెలిస్తే ఎవరికి వాళ్లే ఇల్లు కదలరు. 36 నుంచి 28కి దిగే ఆ రెండు మూడు గంటల్లో మాత్రం అందరూ ఆఫీసుల నుంచి మామూలుగానే బయల్దేరతారు, పార్కింగ్ లాట్‌లోనే జారిపడతారు. అందుకే ఈ వారాన్ని రోజుల లెక్కన కాకుండా, ఉష్ణోగ్రత 32ని ఎప్పుడు దాటుతుందో ఆ గంటల లెక్కన ప్లాన్ చేసుకోవాలి. ఇక్కడ రాసిన డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లో. 32 అంటే మనకు అలవాటైన సున్నా సెల్సియస్, 0 అంటే మైనస్ 18 సెల్సియస్. మైనస్ 40 దగ్గర రెండు కొలతలూ ఒకటే అవుతాయి, అక్కడిదాకా పోకుంటే మేలు.

ఇంత గందరగోళం ఎందుకంటే, కెనడా నుంచి దక్షిణాన గల్ఫ్ ఆఫ్ మెక్సికో దాకా తూర్పు పడమరలుగా అడ్డుగోడలా నిలబడే పర్వతాలు ఇక్కడ లేవు. మన దేశానికి హిమాలయాలు మధ్య ఆసియా చలిని ఆపి పెడతాయి. లంబసింగిలో సున్నా దగ్గరికి దిగితే మనకు వార్త అయ్యేది అందుకే. ఇక్కడ ఉత్తరాది చలిగాలి, దక్షిణాది తేమగాలి ఏ అడ్డూ లేకుండా వచ్చి ఢీకొంటాయి. 1911 నవంబర్ 11న కాన్సస్ సిటీలో మధ్యాహ్నంలోపే 76 డిగ్రీలు తాకిన రోజు అర్ధరాత్రికి 11 దగ్గర ముగిసింది. 2019 జనవరి 30న షికాగోలో మైనస్ 23, మర్నాడు ఇల్లినాయ్‌లోని మౌంట్ క్యారల్‌లో మైనస్ 38, అది ఆ రాష్ట్రపు రికార్డు. వారం తిరక్కుండానే షికాగోలో 40 దాటి మంచు అంతా కరిగిపోయింది.

ఆదివారం సాయంత్రం: ఫోర్‌కాస్ట్ చదవండి, బొమ్మ చూసి వదిలేయకండి

ఫోన్‌లో కనిపించే మేఘం బొమ్మ, దాని కింద ఒక అంకె, ఈ వారానికి ఇవి చాలవు. "మంగళవారం గరిష్ఠం 41" అని ఉంటే ఆ 41 పొద్దున్న 10 గంటలకు వచ్చి, సాయంత్రం 5కి 27కి పడిపోయి ఉండొచ్చు. నేషనల్ వెదర్ సర్వీస్ సైట్‌లో మీ జిప్ కోడ్ కొట్టి, గంటలవారీ గ్రాఫ్ తెరవండి. అందులో మూడు సంగతులు కాగితం మీద రాసుకోండి. ఉష్ణోగ్రత 32ని ఏ గంటకు కిందికి దాటుతోంది? ఆ గంటకు నేల తడిగా ఉంటుందా? ఆ తర్వాత గాలి ఎంత వేగంతో వీస్తుంది? సగం పని అయిపోయినట్టే.

ఓపికుంటే అదే సైట్‌లో "ఫోర్‌కాస్ట్ డిస్కషన్" అని ఉంటుంది, అదీ చదవండి. డ్యూటీలో ఉన్న వాతావరణ నిపుణులు తమకు దేని మీద నమ్మకం ఉందో, దేని మీద లేదో మామూలు మాటల్లోనే రాస్తారు. "4 నుంచి 7 అంగుళాలు" అనే అంకె వెనక ఎంత అనుమానం ఉందో అక్కడే తెలుస్తుంది. కెనడాలోని అల్బర్టా వైపు నుంచి వచ్చే "క్లిప్పర్" అయితే వేగంగా వచ్చి, కాసింత పొడి స్నో చల్లి, వెనకాలే చలిని వదిలిపోతుంది. నైరుతి నుంచి గల్ఫ్ తేమతో వచ్చేది బరువైన తడి స్నో, మధ్యలో ఐస్. లేక్ మిషిగన్‌కు తూర్పున, సౌత్ బెండ్, గ్రాండ్ రాపిడ్స్ వైపు ఉంటే మీ లెక్క వేరు: తుపాను పోయాక కూడా సరస్సు మీది గాలి స్నోను దింపుతూనే ఉంటుంది.

హెచ్చరికల్లో "వాచ్" అంటే అవకాశం ఉంది, సిద్ధపడండి అని. "వార్నింగ్" అంటే వచ్చేస్తోంది, లేదా వచ్చేసింది. "అడ్వైజరీ" అంటే అంత తీవ్రం కాదు గానీ ఇబ్బంది తప్పదు. విండ్ చిల్ (గాలి వల్ల ఒంటికి తెలిసే చలి) వార్నింగ్ అని పాతవాళ్లు చెప్పేది 2024 అక్టోబర్ నుంచి "ఎక్స్‌ట్రీమ్ కోల్డ్ వార్నింగ్" అయింది. "ఫ్రీజింగ్ రెయిన్" అన్న రెండు మాటలు కనిపిస్తే మాత్రం స్నో ఎన్ని అంగుళాలన్నది పక్కనపెట్టండి. పైన వెచ్చటి గాలిలో కరిగిన చుక్క, నేల దగ్గర పల్చటి చలిపొరలో గడ్డకట్టే తీరిక లేక నీళ్లలాగే దిగి, తగిలిన చోటల్లా ఐస్ అవుతుంది. ఆ చలిపొర మందంగా ఉంటే దారిలోనే గడ్డకట్టి గింజల్లా టపటపా రాలుతుంది, అది స్లీట్. స్లీట్ మీద కాస్తో కూస్తో పట్టు దొరుకుతుంది. ఫ్రీజింగ్ రెయిన్ మీద ఫోర్ వీల్ డ్రైవ్‌కీ దొరకదు.

సోమవారం: 45 ఉండగానే ఇంటి పనులు

ఎండగా ఉంది కదా అని వాయిదా వేస్తే గురువారం మైనస్ 8లో చెయ్యాల్సి వస్తుంది. తోటలో నీళ్ల పైపు ఇంకా కుళాయికి తగిలించి ఉంటే విప్పేయండి. మెయిన్ వాల్వ్ బేస్‌మెంట్‌లో ఎక్కడుందో ఇంట్లో పెద్దవాళ్లందరికీ చూపించండి. పైపు పగిలాక అది వెతుక్కునేంత టైమ్ ఉండదు.

కిచెన్ సింక్ బయటి గోడకు ఆనుకుని ఉందా? బుధవారం రాత్రి నుంచి దాని కింది క్యాబినెట్ తలుపులు తెరిచి ఉంచాలి, ఇంట్లో వెచ్చదనం పైపుల దాకా వెళ్లేలా. లోపలున్న క్లీనర్ డబ్బాలు పిల్లలకు అందకుండా తీసి పైన పెట్టండి. వేడి, చల్ల కుళాయిలు రెండూ సన్నటి ధారగా వదలండి. కదిలే నీళ్లు అంత తొందరగా గడ్డకట్టవు. రాత్రిపూట కరెంటు ఆదా అని థర్మోస్టాట్ బాగా తగ్గించే అలవాటుంటే ఈ రెండు రాత్రులు మానండి. ఊరెళ్తున్నా సరే 55 కంటే దించొద్దు. అయినా గడ్డకడితే కుళాయి తెరిచి ఉంచి హెయిర్ డ్రయర్‌తో మెల్లగా వేడిచేయండి, మంట మాత్రం చూపించొద్దు.

ఇంటిని వేడిచేసే ఫర్నేస్ ఫిల్టర్ మార్చండి. ఆ తర్వాత బయటికెళ్లి ఇంటి పక్క గోడకు చూడండి: కొత్త రకం ఫర్నేస్‌లకు తెల్లటి ప్లాస్టిక్ గొట్టాలు రెండు బయటికి పొడుచుకుని ఉంటాయి. ఒకటి గాలి పీల్చేది, ఒకటి పొగ వదిలేది. బుధవారం స్నో గాలికి ఎగిరి వాటి ముందు దిబ్బలా పేరుకుంటే ఫర్నేస్ ఆగిపోవచ్చు, అంతకంటే ఘోరం, కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకే రావచ్చు. దానికి రంగూ లేదు, వాసనా లేదు. అలారం బటన్ ఇప్పుడే నొక్కి చూడండి. హీట్ పోయిందని గ్యాస్ ఓవెన్ తలుపు తెరిచి కూర్చోవడం, గ్యారేజీలో కారు స్టార్ట్ చేసి వేడెక్కనివ్వడం, ఈ రెండూ ప్రాణాల మీదికి తెచ్చేవే. సంక్రాంతి సరిగ్గా ఈ రోజుల్లోనే వస్తుంది కాబట్టి ఒక మాట: గ్యారేజీ తలుపు సగం ఎత్తి లోపల చిన్న భోగి మంట వేద్దామనే ఉత్సాహవంతులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. గ్యారేజీలో ముగ్గు వరకు సరే, మంట వద్దు.

కారు సంగతి

ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గితే టైర్లలో గాలి సుమారు ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది. 45 నుంచి మైనస్ 8 అంటే ఐదు దాకా పోతుంది. గురువారం పొద్దున డ్యాష్‌బోర్డ్ మీద పసుపు లైటు వెలిగేది అందుకే. సోమవారమే టైర్లు చూసుకుంటే ఆ చలిలో చేతులు కొంకర్లు పోయేలా గాలి కొట్టే బాధ తప్పుతుంది. వాషర్ ఫ్లూయిడ్ మైనస్ 20 వరకు పనిచేసేది పోయండి. వేసవిలో పోసిన మామూలు ఫ్లూయిడ్ ట్యాంకులోనే గడ్డకడుతుంది, హైవే మీద ముందు ట్రక్కు చల్లిన ఉప్పునీళ్లతో అద్దం తెల్లబడ్డాక ఆ సంగతి తెలుస్తుంది. పెట్రోల్ సగానికి తగ్గనివ్వద్దు. బ్యాటరీ నాలుగైదేళ్ల పాతదైతే ఏదైనా ఆటో పార్ట్స్ షాపులో టెస్ట్ చేయించండి. ఎలక్ట్రిక్ కారైతే ప్లగ్‌లో ఉండగానే లోపలంతా వేడి చేసుకుని బయల్దేరండి, చలిలో రేంజ్ బాగా పడిపోతుంది. ట్రంకులో బ్రష్, చిన్న పార, దుప్పటి, టార్చ్, తినడానికేదైనా.

కారు బయట రోడ్డు మీద పెట్టేవాళ్లు ఊరి రూల్స్ చూసుకోవాలి. షికాగోలో కొన్ని పెద్ద రోడ్ల మీద డిసెంబర్ 1 నుంచి ఏప్రిల్ 1 దాకా తెల్లవారుజామున 3 నుంచి 7 వరకు పార్కింగ్ నిషేధం, స్నో పడినా పడకపోయినా. మినియాపొలిస్‌లో స్నో ఎమర్జెన్సీ ప్రకటిస్తే మూడు రోజుల పాటు ఏ రోజు ఏ వైపు ఆపాలో మారుతుంది. టోయింగ్ ఫీజు కట్టాక ఈ రూల్స్ జన్మలో మర్చిపోరు, అంతకంటే చౌకగా నేర్చుకునే దారి సిటీ మెసేజ్‌లకు సైన్ అప్ అవ్వడం.

వంటింట్లో

తుపాను వార్త రాగానే అమెరికన్ స్టోర్లలో బ్రెడ్డు, పాలు ఖాళీ. మనవాళ్లకు బియ్యం, పప్పు ఎలాగూ నెలకు సరిపడా ఉంటాయి కాబట్టి పాలు, టమాటాలు, పిల్లల జ్వరం మందు, బీపీ షుగర్ మాత్రలు చూసుకుంటే చాలు. అసలు కష్టం పులియబెట్టే వాటితో. కౌంటర్ మీద పెట్టిన ఇడ్లీ పిండి ఈ వారం రెండు రోజులైనా ఉలకదు పలకదు. ఓవెన్ ఆన్ చేయకుండా లోపలి లైటు మాత్రం వేసి, గిన్నె అందులో పెట్టండి. పెరుగుకూ అదే పద్ధతి, లేదంటే ఇన్‌స్టంట్ పాట్‌లో యోగర్ట్ బటన్. ఓవెన్ తలుపు మీద "లోపల పిండి ఉంది" అని చీటీ అంటించడం మర్చిపోవద్దు, పిల్లలు పిజ్జా కోసం ప్రీహీట్ నొక్కేస్తారు.

కరివేపాకు మొక్క కిటికీ పక్కన ఉంటే ఈ రాత్రులు కాస్త లోపలికి జరపండి. అద్దానికి తగిలిన రెమ్మలు నల్లబడతాయి. అలాగని హీటర్ గాలి వచ్చే వెంట్ పక్కన పెడితే ఆకంతా రాలుతుంది. నీళ్లు తగ్గించండి.

మంగళవారం సాయంత్రం: గీత దాటే గంట

గ్రాఫ్‌లో 5 గంటలకు 32 దాటుతుందని ఉంటే, మీరు 4కల్లా ఇంట్లో ఉండేలా చూసుకోండి. మేనేజర్‌ను అడగడానికి మొహమాటపడొద్దు, ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లు మీకంటే ముందే బయల్దేరి ఉంటారు. తప్పనిసరై నడపాల్సి వస్తే ముందు కారు టైర్లను గమనిస్తూ ఉండండి. రోడ్డు తడిగా మెరుస్తోంది, ఆ టైర్ల వెనక మాత్రం నీళ్లు చిమ్మడం లేదు అంటే అది తడి కాదు, బ్లాక్ ఐస్. వంతెనలు, ఫ్లైఓవర్ ర్యాంపులు ముందుగా గడ్డకడతాయి, వాటికి కింద నుంచి కూడా చలిగాలి తగులుతుంది కాబట్టి. వంతెన రాకముందే వేగం తగ్గించండి, దాని మీదికి ఎక్కాక బ్రేక్ జోలికి, స్టీరింగ్ జోలికి పోకండి. క్రూజ్ కంట్రోల్ ఆఫ్‌లో ఉండాలి. కారు జారితే మీరు ఎటు వెళ్లాలనుకుంటున్నారో అటే చూస్తూ స్టీరింగ్ మెల్లగా అటే తిప్పండి. ఏబీఎస్ ఉన్న కారులో బ్రేక్ గట్టిగా నొక్కి పట్టుకోవాలి, కాలి కింద గరగరమన్నా వదలకూడదు. ఆల్ వీల్ డ్రైవ్ బండి కదలడానికి పనికొస్తుంది, ఆగడానికి కాదు.

ఇంటికి చేరగానే మెట్ల మీద ఉప్పు చల్లండి. వైపర్లు పైకెత్తి ఉంచండి. పొద్దున అద్దం మీద మరిగే నీళ్లు పోయడం లాంటి తెలివితేటలు చూపించొద్దు, అద్దం పగులుతుంది.

బుధవారం: చలి ముదరకముందే స్నో ఎత్తేయండి

స్నో ఆగాక పొద్దున చూద్దాంలే అనిపిస్తుంది. కానీ రాత్రికి మైనస్ 8కి దిగుతుంది, ఈలోగా కారు చక్రాల కింద నలిగిన స్నో అంతా రాయి అవుతుంది. 25 డిగ్రీలుండగానే, పడుతుండగానే ఒకసారి, ఆగాక ఒకసారి తీసేయండి. ఎత్తి విసరడం కంటే తోయడం నడుముకూ గుండెకూ మంచిది. గుండె జబ్బున్నవాళ్లు ఈ పనికి దూరంగా ఉండాలి. వీధివైపు తిరిగి నిలబడి, డ్రైవ్‌వే చివర తీసిన స్నోను మీ కుడిచేతి వైపు వేయండి. రోడ్డు మీది స్నో తోసే ట్రక్కు (ప్లవ్) ఎడమ నుంచి కుడికి పోతుంది, ఎడమవైపు వేస్తే అదంతా తెచ్చి మళ్లీ మీ డ్రైవ్‌వేలోనే పోసి పోతుంది.

మామూలు రాక్ సాల్ట్ 15 డిగ్రీల కింద దాదాపు పనిచేయదు. గురువారానికి కావాలంటే కాల్షియం క్లోరైడ్ ఉన్న సంచి చూసి కొనండి, లేదా పట్టుకోసం ఇసుక చల్లండి.

బయటికి వెళ్లొచ్చో లేదో మీ కౌంటీయే (మన జిల్లా లాంటిది) చెబుతుంది. ఒహాయోలో లెవెల్ 3 ఎమర్జెన్సీ అంటే అత్యవసర సేవల వాళ్లకు తప్ప రోడ్లు మూసేసినట్టే. ఇండియానాలో కౌంటీ మ్యాప్ పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో ఉంటుంది, ఎరుపు అంటే అదే అర్థం. అయినా దారిలో స్నోలో ఇరుక్కుంటే కారు వదిలి నడవొద్దు. ముందు పొగగొట్టం చుట్టూ స్నో తీసేసి, గంటకు పది నిమిషాలు చొప్పున ఇంజిన్ ఆన్ చేసుకోండి.

గురు, శుక్రవారాలు

0 డిగ్రీలు, గంటకు 15 మైళ్ల గాలి అంటే విండ్ చిల్ మైనస్ 19, కప్పుకోని చర్మానికి అరగంటలో ఫ్రాస్ట్‌బైట్, అంటే చర్మం గడ్డకట్టి దెబ్బతినడం. మీకున్నది మైనస్ 8, టైమ్ ఇంకా తక్కువ. ఒంటికి ఆనుకుని థర్మల్స్, కాటన్ కాదు. దాని మీద ఫ్లీస్ గానీ ఉన్ని గానీ, పైన గాలి దూరని పొడవాటి కోటు. వేళ్లన్నీ ఒకేచోట ఉండే మిట్టెన్స్ గ్లోవ్స్ కంటే వెచ్చన. బూట్లు బిగుతుగా ఉంటే లోపల ఎన్ని సాక్సులేసినా కాళ్లు చల్లబడతాయి. కారు లేని విద్యార్థులు బస్ ట్రాకర్ చూసి, బస్సు రెండు నిమిషాల దూరంలో ఉన్నప్పుడే గుమ్మం దాటాలి. ఫోన్ లోపలి జేబులో పెట్టుకోండి, బయటి జేబులో 60 శాతం చార్జ్ ఉన్నా ఆరిపోవచ్చు.

వేలి కొసలో, చెవి తమ్మెలో స్పర్శ పోయి తెల్లగా పాలిపోతే లోపలికొచ్చి గోరువెచ్చటి నీళ్లలో ఉంచండి. రుద్దొద్దు, మంట దగ్గర పెట్టొద్దు. మనిషి మాట ముద్దముద్దగా వస్తూ, అయోమయంగా మాట్లాడుతుంటే అది 911కి ఫోన్ చేయాల్సిన విషయం. మరిగే నీళ్లు గాలిలోకి విసిరి పొగ చేసే వీడియోల సరదా పిల్లల్ని చెయ్యనివ్వకండి. 2019 చలిలో షికాగో చుట్టుపక్కల అలా కాల్చుకుని ఆసుపత్రికి వెళ్లినవాళ్లున్నారు.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే ఎక్కువ శ్రద్ధ వాళ్ల మీదే పెట్టాలి. ఎర్రటి ఎండ చూసి, "రెండు నిమిషాల పనే కదరా" అంటూ లుంగీ మీద చెప్పులేసుకుని మెయిల్‌బాక్స్ దాకా వెళ్లొస్తారు. వద్దని చెబితే వినరు. వాళ్ల చెప్పుల పక్కనే అడుగున పట్టున్న బూట్లు, కోటు పెట్టేయండి, మెయిల్ మీరే తెచ్చేయండి. నడక మానలేని నాన్నగారిని మాల్‌కు తీసుకెళ్లి దించండి, చాలా మాల్స్ షాపులు తెరవకముందే నడిచేవాళ్ల కోసం తలుపులు తీస్తాయి. మినియాపొలిస్ డౌన్‌టౌన్‌లో అయితే స్కైవే ఉంది, మైళ్ల పొడవునా బిల్డింగుల మధ్య లోపలే నడవొచ్చు. కాళ్ల పగుళ్లకు రాసుకుందామని తెచ్చిన కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టి ఉంటుంది, గోరువెచ్చటి నీళ్లలో ఉంచితే సరి.

శని, ఆదివారాలు: కరిగేటప్పుడు

పగలు కరిగిన నీళ్లు రాత్రికి మళ్లీ ఐస్ అవుతాయి కాబట్టి, 32 గీతను ఈసారి రోజుకు రెండుసార్లు చూసుకోవాలి. ఆదివారం పొద్దున గుడికో పార్టీకో వెళ్లేటప్పుడు నీడ పడే మెట్లు, గట్టర్ పైపు నీళ్లు వదిలే చోటు అనుమానంగా దాటండి. చూరు కింద వేలాడే ఐస్ ఊచల కింద పిల్లల్ని నిలబడనివ్వకండి. మీ ఇంటి ముందున్న డ్రెయిన్ స్నోతో మూసుకుపోయి ఉంటే పారతో కాస్త దారి చేయండి, లేకపోతే ఆ నీళ్లు బేస్‌మెంట్ వైపు తిరుగుతాయి. బేస్‌మెంట్‌లో చేరే నీళ్లను బయటికి తోడే సంప్ పంప్ పనిచేస్తోందో లేదో ఒకసారి వినండి.

40 ఉండగానే, మధ్యాహ్నంలోపే కారు కడిగించండి, కింది భాగంతో సహా. ఉప్పు అలాగే వదిలేస్తే ఇనుమును తినేస్తుంది. కడిగించాక తలుపుల అంచున ఉన్న రబ్బరును పొడి గుడ్డతో తుడవండి, లేదంటే సోమవారం పొద్దున తలుపు రాదు.